క్షేమ సమాచారాలకే సరిపోయింది

మధురవాడ

భీమిలిలో వెలసిన భ్రమరాంబత్తకు, మేనల్లుడు మోహనకృష్ణ వంగి వంగి రాయునది.

పెళ్లిమాట ఫోన్లో చెబితే చెల్లదన్నావు కనుక కాగితం మీద పెడుతున్నాను. మా ఆఫీసులో పనిచేసే ఇంద్రజను చేసుకుంటాను. వాళ్ల నాన్న త్రినాథరావుగారు పోర్టులో రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులు. ఫోనెత్తరు, పొద్దస్తమానం ట్విట్టర్లోనే ఉంటారు. నీకూ ఖాతా పెట్టిచ్చాను కదా, అందులో నాలుగు ముక్కలు రాసి ఒప్పించు. క్లుప్తతే దాని సుగుణం.

విధేయుడు,
మోహనకృష్ణ

తా.క.: అందులో ‘గాజువాక సింహం’ పేరుతో గర్జించేది నేనే. ఎవరికీ చెప్పకు. ‘ఉప్పుకారం’ అనే ఒకాయన, పులుసులో బెల్లం వేసేవాళ్లకు నాలుకే లేదన్నాడు. నీ నాలుక తుప్పు పట్టిందన్నాను. యుద్ధం సాగుతోంది.

*

భీమిలి

నా బంగారు మోహనకృష్ణకి, అత్త దీవించి రాసిన ముక్కలు.

ఏట్రా, ఆ ట్విట్టరు ఇంత ఇరుగ్గా ఉంది? ‘గౌరవనీయులైన త్రినాథరావు గారికి నమస్కారాలు. ఇక్కడ నాను, మా గేదె క్షేమం. మీరు, మీ ఆవిడ, మీ రెండు మోకాళ్లు క్షేమమని తలుస్తాను. అన్నం తిన్నారా?’ అని రాసీసరికి జాగా అయిపోనాది. నీ పెళ్లి ఊసు రానే లేదు. రేపు మళ్లీ రాత్తాను.

ఇట్లు, మీ అత్త

తా.క.: రేపు కూడా క్షేమం అడక్కుండా ఎలా మొదలెడతాం?

*

మధురవాడ

అత్తా, శతకోటి దండాలు.

అది ఉత్తరం కాదు. ఆటోకి మైకు కట్టి బీచ్ రోడ్డులో తిరగడం. ఊరంతా ఆయన మోకాళ్లను పరామర్శిస్తోంది. ఆయన తలుపేసుకుని కూర్చున్నారట. ఇంద్రజ నాతో మాట్లాడడం లేదు. క్షేమాలు కోసేసి విషయం రాయి, లేదా నా పెళ్లి సంగతి మరిచిపో.

దీనుడు,
మోహనకృష్ణ

తా.క.: ఉప్పుకారం కొన్నాళ్లుగా పలకడం లేదు. ఓడినట్టున్నాడు. అదొక్కటే సుఖం.

*

భీమిలి

ఒరే పెళ్లికొడకా, అత్త దీవెనలు.

క్షేమం కోసీమంటావా? నిన్న త్రినాథరావుగారే పిల్లని తీసుకుని బస్సు దిగి ఒచ్చీసినారు. ‘అమ్మా, అందులో నన్ను తిట్టినవాళ్లే గానీ, తిన్నావా అని అడిగినవాళ్లు లేరు’ అన్నారు. కళ్లు తుడుసుకున్నారు. నాను ఆనపకాయ పులుసు పోశాను. మళ్లీ పోయించుకున్నారు. పిల్లనిస్తానన్నారు.

ఇట్లు, మీ అత్త

తా.క.: పులుసులో బెల్లం ఉందని సెప్పాను. ఆయన సెయ్యి కంచంలోనే ఆగిపోనాది. ఉప్పుకారం తనేనని ఒప్పుకున్నారు, పాపం. ఆయనంత నిజం సెప్తే నాను దాస్తానా? సింహం మావోడేనని సెప్పీసాను. పిల్ల ఒకటే నవ్వు. మాట తప్పరట గానీ, ఆదివారం నిన్ను భోజనానికి రమ్మన్నారు. వంట ఆయనే సేత్తారట. మధ్యలో నీళ్లడక్కు.