కొమురయ్య కాక నడుముకు

జూన్ 3, బుధవారం
మూడో బెల్టూ చెడిపోయింది. ఆరెతో తోలుకు పొడిచిన రంధ్రాలు పక్కకు పోయి, కుట్టు మళ్లీ వంకర. అత్తమ్మ ముక్కు మూసుకుని — "లాంప్ రూంల నౌకరి చేసెటిదానివి, గీ తోలు పని ఏందే నీకు?" ఏమో. పూసలు గుచ్చేవాళ్లు గుచ్చరా... తోలును చేత్తో నిమిరితే వదలబుద్ధి కాదు.

జూన్ 9
ఫస్టు షిఫ్టు. బొగ్గుబాయిలోకి దిగే కొమురయ్య కాకకు దీపం ఇస్తూ ఆయన నడుము బెల్టు చూశాను. ఎవరు కుట్టారని అడిగితే — "మా నాయిన. బాయిల నౌకరి దొరికిన దినం."
అంటే ముప్పై ఏళ్లు! దీపం బ్యాటరీ బరువు, బొగ్గు నీళ్లు, చెమట. ఒక్క కుట్టు తెగలేదు. అబ్బ, ఏం చెయ్యి అది! నోరు తెరుచుకుని నిలబడ్డాను. లైనులో వెనకవాళ్లు ఒకటే కేకలు.

జూన్ 12
అడిగేశాను. ఆ కుట్టు నాకు నేర్పు కాకా.
మొహం ముడుచుకుంది. "ఈ పని చేస్తమనే మమ్ముల ఊరవతల వెట్టిండ్రు బిడ్డా. నౌకరి దొరికిన దినమే, ఇగ ఆరె ముట్టద్దని నాయిన ఒట్టు వెట్టిచ్చుకున్నడు."
నాకు సరదా. ఆయనకు... నా మీద నాకే సిగ్గేసింది.

జూన్ 15
ముప్పైన కాక రిటైరు. మర్నాడే ఊరికి. ఆ కుట్టు కూడా ఆయనతోనే పోతుంది.
సరే, నేర్పకపోతే పోనీ. నేనే ఒకటి కుట్టి ఇస్తా. షిఫ్టు దిగి దీపం అప్పజెప్పడానికి కాక బెల్టు విప్పి కిటికీలో పెట్టాడు. చటుక్కున దారంతో కొలిచేశా.

జూన్ 27
రెండుసార్లు విప్పి కుట్టాను. వేళ్ల నిండా పోట్లు.

జూన్ 30, మంగళవారం
లాంప్ రూంలోనే కాకకు వీడ్కోలు. దండ, శాలువా, మిక్చర్. నా బెల్టు ఇచ్చాను. కాక అక్కడే కట్టుకున్నాడు — జారి తుంటి మీదికొచ్చింది. అందరూ నవ్వు. అయ్యో నా మొహం! నేను తీసింది యూనిఫాం మీద, బ్యాటరీతో కలిపి కట్టే కొలత. దీపం లేని కాకను ఎప్పుడైనా చూస్తే కదా!
ఇంకో రంధ్రం కావాలి. సంచిలోంచి ఆరె తీశాను. కొలిచి గీత గీస్తున్నాను.
"ఇటు తే." గుంజుకున్నాడు. కొలత లేదు, గీత లేదు. బొటనవేలితో తోలు తడిమి, ఒక్క పోటు. సరిగ్గా నడిమధ్యన. ముప్పై ఏళ్లు ఆరె ముట్టని చెయ్యి! దండం పెట్టబుద్ధేసింది. పెట్టాను.
కాక నన్ను చూడలేదు. తన చేతినే చూసుకుంటున్నాడు. "నాయిన తిడుతడు"... మెల్లగా అన్నాడు. మొహంలో మాత్రం నవ్వు.

జూలై 1
పొద్దుటి బస్సుకే పోయాడట.
సంచి బోర్లించాను. ఆరె లేదు. జేబులో వేసుకుని పోయాడా... మిక్చర్ కాగితాలతో ఊడ్చేశారా... చెత్తబుట్ట లాంప్ రూం మూలలోనే ఉంది. ఇంకా పారబొయ్యలేదు.
నేను చూడను.