మూడో పిలుపు

వెల్లింగ్టన్,
14 ఆగస్టు 2014

నిరుపమత్తయ్యకు,

ఫోనులో మీ పేరు పైకి అనడం ఇష్టంలేక ఉత్తరం రాస్తున్నాను.

మా పక్క ఫ్లాట్‌లో సాబిర్ అంకుల్ ఉండేవారని చెప్పాను కదా. వందేళ్ల కిందట మధ్య ఆసియాలోని బుఖారాలో, అక్కడి పాలకుడు అమీరు కంటపడకుండా పిల్లలకు కొత్త చదువులు చెప్పాలని ముస్లిం యువకులు నడిపిన రహస్య సంఘంలో వాళ్ల నాన్న ఉండేవారట. వచ్చింది తమవాడైతే తలుపు బయట నిలబడి లోపలివాళ్ల పేరు మూడుసార్లు పిలిచేవాడు. ఆ గుర్తు సంగతి తెలియక అమీరు భటులు ఒక్కసారే పిలిచేవారు. తర్వాత ఎవరో నోరు జారారు. భటులూ మూడుసార్లు పిలవసాగారు. విప్లవం వచ్చి అమీరు పారిపోయేనాటికి సంఘంలో మిగిలింది వాళ్ల నాన్న ఒక్కరే.

"మా నిరుపమత్తయ్యా అంతే అంకుల్! మూడోసారి పిలిస్తేనే పలకమంటుంది. దెయ్యాలకి మూడోసారి పిలవడం రాదట" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. గోడవైపు చూసి, "మెల్లగా అనమ్మా. వింటే అవీ నేర్చుకుంటాయి" అన్నారు.

ఆయన పోయి నెలయింది. ఆ ఫ్లాట్‌కి తాళం వేసే ఉంది. నిన్న మధ్యాహ్నం గోడ అవతలినుంచి ఎవరో నన్ను పిలిచారు. మీరు నేర్పినట్టే ఊరుకున్నాను. రెండోసారీ ఊరుకున్నాను. మూడోసారి, ఆయన గొంతే అనిపించి, "ఆఁ, అంకుల్" అన్నాను.

ఇవాళ పొద్దుటినుంచి అక్కడ మీ పేరు వినిపిస్తోంది. పిలుస్తున్నది నా గొంతు.

అత్తయ్యా, ఇకమీదట మూడోసారికీ పలక్కండి. నేనైతే నాలుగోసారి పిలుస్తాను.

మీకు ఉత్తరాలు పైకి చదివే అలవాటు. దీన్ని మాత్రం అలా చదవకండి.

మీ మేనకోడలు