రెండోసారి కొట్టే గంట

మేయరు గారికి,

గౌరవం అయిపోయింది కదా, ఇక ఆర్సెన్ అనే పిలుస్తాను. నీ పెద్దమ్మనేగా.

మన చర్చి గడియారం గంటలు కొట్టిన రెండు నిమిషాలకు మళ్ళీ కొడుతుంది చూడు, ఆ రెండోసారిని ఆపించబోతున్నావట. వేసవికి పారిస్ నుంచి దిగే ఆ దంపతులకు నిద్ర పట్టడం లేదట పాపం. "రెండుసార్లు దేనికి, మాకేమన్నా చెవుడా?" అన్నారట. లోయ అవతల గడ్డి కోసేవాడికి మొదటిసారి గంట కొడుతోందని మాత్రమే తెలుస్తుంది. ఎన్ని కొట్టిందో లెక్కపెట్టుకోవడానికే ఆ రెండోసారి. వాళ్ళకు తెలియకపోతే తప్పులేదు. నీకూ తెలియదా?

నీ పెళ్ళిరోజు గుర్తు చేసుకో. చర్చిలో అందరం ఉన్నాం, పదకొండు కొట్టేసింది, నువ్వు మాత్రం లేవు. సొలాంజ్ వాళ్ళ నాన్న ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "పదవే ఇంటికి. సామిల్లు వాళ్ళబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదులే" అన్నాడు. ఫాదరుగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇంకా ఒకసారే కొట్టిందండీ. మన ఊళ్ళో అది లెక్కలోకి రాదు" అన్నారు. రెండోసారి కొడుతూ ఉండగా వచ్చావు నువ్వు, తాడు తెంపుకున్న దూడను కట్టేసి, పెళ్ళికోటు నిండా పేడతో.

కౌన్సిల్లో చేతులెత్తించే ముందు సొలాంజ్‌ను ఒక్క మాట అడుగు. ఆ రోజు గంట ఒకసారే కొట్టి ఉంటే బాగుండేదని తను అంటే, నేనిక నోరెత్తను.

నీ పెద్దమ్మ