షెడ్డులో ఆపేసిన స్విచ్చు

నాన్నా,

అన్నం వండి మూత పెట్టాను, లేవగానే తిను. షెడ్డులో స్విచ్చు వేశాను, పడవ రాగానే కావాలి, మళ్లీ ఆపకు. పడవలో బిగించిన ఛార్జర్‌కి కరెంటు వెళ్లేది అక్కణ్ణుంచే. బ్యాటరీలు నిండాక అదే తగ్గించుకుంటుంది, బిల్లేమీ పెరిగిపోదు. ఎన్నిసార్లు చెప్పినా, కనపడ్డ స్విచ్చల్లా ఆపందే నీకు నిద్ర పట్టదు. నిన్న అన్నయ్య వైరు తగిలించి వచ్చాడు, వెనకాలే నువ్వెళ్లి ఆపేశావు. వాడు చూసుకోకుండా పొద్దున్నే పడవ తీశాడు. మిగిలిన కాస్త ఛార్జితో ఒకసారి స్టార్టయింది గానీ, నీళ్ల మధ్యలో ఇంజను ఆపాడంటే మళ్లీ స్టార్టవదు. పొగమంచు కమ్మేసింది. వాడి ఫోను కలవడం లేదు. బాబాయి పడవలో వెతకడానికి వెళ్తున్నాం. అమ్మకి అప్పుడే చెప్పకు.

వరండా లైటు వేసే ఉంచాను. నీళ్ల మీంచి కనపడేది మనింటి లైటొక్కటే. దాన్ని మాత్రం ఆపకు నాన్నా.