చేతికివ్వని కత్తి

బావా,

రేపు నీ సంవత్సరీకం. వంటకి పుల్లలు కావాలని పొద్దున్నే మడ అడవికి బయల్దేరాను. కత్తి, కొడవలి, గొడ్డలి అరుగు మీద పెట్టుకుని ఏది తీసుకెళ్లాలో తేలక కూర్చున్నాను.

"ఒక్కడివే కదరా, కొడవలి చాల్దేంటి?" అంది అక్క. అనేసి లోపలికి వెళ్లిపోయింది.

అయినా మనిద్దరం వంతులేసుకుని కొట్టే నీ పెద్ద కత్తే తెచ్చాను. నాలుగు ఎండు కొమ్మలు కొట్టేసరికి చెయ్యి లాగేసింది. కత్తి చేతికిస్తే తగువులొస్తాయని, నువ్వెప్పుడూ కింద పెట్టమనేవాడివి. అలవాటు కొద్దీ పిడి నువ్వు నిలబడే వైపు తిప్పి నేల మీద పెట్టాను. మొహం తుడుచుకున్నాను.

కత్తి అక్కడే ఉంది. కాసేపు చూసి, నేనే వంగి తీసుకున్నాను.