నీ కేకకు లేచిన నీటిగుర్రం

నాన్నా,

ఇవాళ అమలాపురంలో అమ్మ గెలిచింది. ఇది నువ్వు చూడాల్సిన సంగతి.

మొన్ననే నీ సంవత్సరీకం అయింది. ఏడాదంతా అమ్మ గుమ్మం దిగలేదు. గేదెల్ని కాలవలోంచి లేపాలంటే నేనే కర్ర పట్టుకుని నీళ్లలోకి దిగుతున్నాను.

సర్కస్ వచ్చిందని నా కూతురు చెయ్యి పట్టి లాగితే ఇవాళ బయల్దేరింది. పశువు దగ్గరికి ఉత్తి చేతులతో వెళ్లకూడదంటూ కొంగున తవుడు మూటకట్టుకుంది. సగం ఒంటె తింది, సగం ఏనుగు తింది.

డేరా వెనక తొట్టిలో నీటిగుర్రం ఉందన్నారు. మాకు బురదనీళ్లే కనిపించాయి. జనం ఈలలు వేశారు, కాపలా అతను బకెట్ మోగించాడు. అది లేవలేదు.

"గేదెలాంటిదే కదండీ ఇదీనూ?" అనడిగింది అమ్మ.

"ఆయ్, అలాంటిదేనండీ," అన్నాడతను.

అమ్మ నోటికి రెండు చేతులూ చుట్టి, గేదెల కోసం నువ్వు కాలవగట్టున వేసే కేక వేసింది. "ఊరంతా వినాలా ఆ అరుపు?" అని నిన్ను రోజూ కసిరిన మనిషి, చివర్లో నువ్వు తీసే దీర్ఘంతో సహా!

నీళ్లు కదిలాయి. ముందు చెవులు, తర్వాత బండరాయంత తల. అది తిన్నగా అమ్మ ఎదుటికొచ్చి నోరు తెరిచింది. జనం ఒకటే గోల.

"ఎక్కడ నేర్చేరండీ?" అనడిగాడు కాపలా అతను.

"మా ఆయనదండీ ఆ కేక," అంది అమ్మ, తలెత్తి.

ఈ సాయంత్రం నేను నీళ్లలోకి దిగలేదు నాన్నా. గట్టు మీద అమ్మ నిలబడింది.