అమ్మ మోసిన మాటలు

నాయనా,

నిన్ను అడక్కుండా కుడతినిలో ఉద్యోగానికి చేరానని నాతో మాట మానేశావు. ఎదురుగా నేనున్నా "దాన్ని అన్నం తినమను" అని అమ్మకే చెప్పేవాడివి. ఆస్పత్రిలో అమ్మ లేని పూట, నీ మంచం పక్కన నేనుండగానే నర్సుతో అన్నావు. "సిస్టర్, ఆయమ్మను ఇంటికి పొమ్మను." నాకు సంబంధించి నువ్వన్న చివరి మాట అదే.

ఈరోజు నీ సంవత్సరీకం. నీ ఫోటో ముందు ఆకులో ఓళిగలు వడ్డించి, అమ్మ పాత అలవాటు కొద్దీ నావైపు తిరిగింది.

"మీ నాయన తినమంటాండాడు, రా."

"ఆకలి లేదని చెప్పు ఆయనకు."

అమ్మ నిజంగానే ఫోటో వైపు తిరిగింది. "ఆకలి లేదంటాండాది."

చేతులు కడుక్కోకుండా అక్కడే నిలబడ్డాను. ఈసారి నువ్వు తిరిగి ఏమీ చెప్పి పంపలేదు.